సమస్యాపూరణం: బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె

నిర్వాహకుడు: ఈ ఆదివారం సమస్య తేటగీతి పద్యంలో. ఇచ్చిన పాదం చివర వచ్చేట్టు, చిక్కు విడేట్టు పై మూడు పాదాలు మీరు కట్టాలి.

*బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె*

పోయిన వారం హన్మకొండ నక్కలగుట్టలో ఒక మిత్రుడింట్లో టిఫినూ భోజనమూ ఒకేసారి కానిచ్చే బ్రంచ్‌కు పోతే బీరులో నారింజ రసం కలిపి ఇచ్చారు. బీర్మోసా అట. మెరిసే వైన్‌లో నారింజ రసం పోస్తే మిమోసా, వైన్ బదులు బీరు పోస్తే ఇది. పొద్దుగాల్నే ఈత చెట్టు కిందికి నడిచిన ఊళ్లు మనవి. బ్రంచ్ అనే మాట కొత్త గానీ పని కొత్త కాదు. అక్కడ కూర్చొని సర్వపిండి తింటుంటే తోచిన పాదం ఇది. బీరు కలిపితే మత్తు పోవడమేమిటన్నదే చిక్కు. పూరణ బ్రంచ్ చుట్టూ తిరిగితే సంతోషం, తిరగకపోయినా తప్పు లేదు.

కాజీపేట జంక్షన్: నాదే మొదటిది.

*సగము నారింజ రసముంచి చల్లగాను*
*గ్లాసు నొకపక్క కొంచెము గాను వంచి*
*నురుగు పొంగక పైపైన నోర్మితోడ*
*బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె*

సుబేదారి మాస్టారు: గణాలు (పాదం కొలత), యతులు (పాదంలో అక్షరాల పొంతన) సరిపోయాయి. పద్యం చదివి ఎవరైనా కలుపుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. రసం ముందు, బీరు తర్వాత, గ్లాసు వంచి, చెంచా పెట్టకుండా. చెంచాతో తిప్పితే గ్యాస్ పోయి చప్పిడి నీళ్లవుతాయి. అయితే సమస్య ముడి విడలేదు. మామూలు బీరైన లాగర్‌లో ఆల్కహాలు 5 శాతం అనుకోండి, సగం రసం పోస్తే గ్లాసులో 2.5 అవుతుంది. తగ్గింది, నిజమే. కానీ సమస్యలో 'ఎల్ల' అని ఉంది. సగం మత్తు మిగిలి ఉండగా 'ఎల్ల' ఎట్లా వీడుతుంది?

కాజీపేట జంక్షన్: అంటే లెక్కల పరీక్షలో ఫెయిలైనట్టా సార్?

సుబేదారి మాస్టారు: పద్యంలో పాస్, పూరణలో సగం. పైగా మన దగ్గర చాలామంది కొనేది స్ట్రాంగ్ బీరు. దాంట్లో 8 శాతం దాకా ఉంటుంది. సగం రసం కలిపినా 4 మిగులుతుంది. అది జ్యూస్ అనుకొని నాలుగు గ్లాసులు తాగిన వాణ్ని నేను చూశాను.

ఏనుమాముల మిర్చి: నేను 'ఎల్ల'ను వదల్లేదు. చూడండి.

*రాత్రి బారాతులోఁ ద్రాగి రచ్చ చేసి*
*తలయె దిమ్మెక్కఁ బొద్దునఁ దల్లడిల్లి*
*నిమ్మరస ముప్పు గ్లాసులో నింపి పైన*
*బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె*

సుబేదారి మాస్టారు: మనం బరాత్ అంటాం, గణం కోసం దీర్ఘం లాగారు. హిందీలో దీర్ఘమే కాబట్టి వదిలేస్తున్నా. 'దిమ్మెక్క' బాగుంది. కానీ విషయం తప్పు. రాత్రి తాగినదాన్ని లివర్ తన లెక్క ప్రకారమే కరిగిస్తుంది. పొద్దున బీరు పోస్తే ఆ లెక్కకు ఇంకొంత కలుపుతున్నాం, అంతే. తలనొప్పి పోయినట్టుంటుంది, మధ్యాహ్నానికి వడ్డీతో వస్తుంది. ఇంకోటి, 'రసముప్పు'ను గట్టిగా చదివితే 'రస ముప్పు' అని వినిపిస్తోంది.

ఏనుమాముల మిర్చి: ముప్పు అనుకోకుండా పడింది గానీ మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అదే సరైన పదమేమో!

పరకాల పిల్లగాడు: నేను కొత్త. ఒక్క పాదమే వచ్చింది, సరిగ్గా ఉందా?

*పుల్ల మామిడి రసమును గ్లాసులోన*

నిర్వాహకుడు: గణాలు సరిగ్గా పడ్డాయి తమ్మీ. యతి తప్పింది. తేటగీతిలో మొదటి గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి ఉండాలి. మీ 'పు'కి 'గ్లా' కుదరదు. 'రసమునుఁ బోసి ముందు' అనండి, పు-బో కుదురుతాయి. ఇంతకీ మీకు 21 నిండాయా? తెలంగాణలో అంతకు తక్కువైతే పద్యం రాయొచ్చు గానీ సీసా కొనకూడదు.

పరకాల పిల్లగాడు: 24 అన్నా. మిగతా పాదాలు ప్రయోగం చేసి రాస్తా.

నిర్వాహకుడు: నా వంతు ఇది. పాదాన్ని విరవకుండా ముందు పాదం చివరి అక్షరంతో కలిపి చదవండి.

*మతము పేరిటి మైకాన మాటలుడిగి*
*యిరుగు పొరుగులు విడివడ్డ యెడను వచ్చి*
*దోహ వినిపించి యిరువుర దోస్తులుగ క*
*బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె*

సుబేదారి మాస్టారు: భేష్! సీసాలోంచి దోహాలు (రెండు పాదాల హిందీ పద్యాలు) చెప్పిన కబీరును తీశారు. 'కలిపిన' ఇప్పుడు మనుషులను కలపడం, మత్తు మతం మత్తు. 'ఎల్ల'కూ న్యాయం జరిగింది. పాత అవధానాల దారి ఇది. ఒక్క 'దోస్తులుగ' దగ్గర కొంచెం ఆగాను. పద్యమంతా నిదానంగా నడుస్తుంటే అక్కడ ఆటో హారన్ వినిపించింది. మన ఊరి మాటే కదా అని ఒప్పుకుంటున్నా.

హన్మకొండ వదిన: మీరంతా మత్తంటే మందే అనుకుంటున్నారు. మా ఇంట్లో ఆదివారం పొద్దున ఉండేది నిద్రమత్తు.

*ఆదివారము పదియైన నావులింత*
*రాక మానదు బత్తాయి రసములోన*
*నల్లమునఁ జేయు సారాయి యంటనట్టి*
*బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె*

కాజీపేట జంక్షన్: వదినా, అల్లం బీరు తడితే మాకెందుకు తట్టలేదు! నల్లగొండ బత్తాయి ఉండగా నేను నారింజ రాసుకున్నా.

హన్మకొండ వదిన: కొనే సీసా అయితే పేరుకే బీరు, ఆల్కహాలు ఉండదు, లేబుల్ చూసుకోవాలి. ఇంట్లో ఈస్ట్ వేసి పులియబెడితే మాత్రం కొంచెం తయారవుతుంది, పిల్లలకు పోయకండి. బత్తాయి తీపి కాబట్టి సగం నిమ్మకాయ పిండుతా. రెండూ ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెడతా. ఐస్ వేస్తే పది నిమిషాల్లో అంతా నీళ్లే.

సుబేదారి మాస్టారు: 'సారాయి యంటనట్టి' దగ్గర యతి, అర్థం రెండూ ఒకేచోట కూర్చున్నాయి. రెండో పాదంలో 'రాక మానదు' వర్తమానంలో ఉంది, సమస్య 'వీడిపోయె' అంటుంది. కాలం కొంచెం తడబడింది. అయినా ఇప్పటికి నా ఓటు దీనికే.

పరకాల పిల్లగాడు: ప్రయోగం అయింది. మామిడి గుజ్జు చిక్కగా ఉండె, బీరు దబ్బున పోసిన. గుజ్జు తగలగానే గ్యాస్ అంతా ఒక్కసారి లేచింది. ముందు జల్లెడ పట్టి, చల్లగా పెట్టి, గ్లాసు వంచాలని రెండో గ్లాసుకు తెలిసింది. రెండో గ్లాసు పోయనిస్తే గదా! మీరు చెప్పిన పాదంలో ఒక్క మాట మార్చిన.

*పుల్ల మామిడి రసమునుఁ బోసి పొంగ*
*టేబు లెల్లను తడిసెను టీవి దాక*
*అమ్మ తిట్టిన తిట్లకు నపుడె నాకు*
*బీరు కలిపిన మత్తెల్ల వీడిపోయె*

సుబేదారి మాస్టారు: టే-టీ యతి! నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను వదినా, ఏమనుకోకండి.

హన్మకొండ వదిన: నేనూ వాళ్లమ్మకే వేస్తున్నా.