సమస్యాపూరణం: గ్రద్ద గూటను పావురాల్ కలసి యాడె

సమస్య ఇచ్చినవారు: రాకీ పర్వతాలలోని మా తోటలో కొలంబైన్ పూసింది. అమెరికాలోని కొలరాడో 1899లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ఎన్నుకున్నది. ప్రభుత్వ భూముల్లో వేళ్ళతో సహా పెకలించకూడదని 1925లో చట్టం చేసింది. వాడుక పేరులో లాటిన్ భాషలోని పావురం ఉన్నది. శాస్త్రనామమైన అక్విలీజియాలో గ్రద్ద ఉన్నదంటారు. ఒక్క పూవులో రెండు పక్షులు! తేటగీతిలో పూరించండి.

పూరణ 1 (హైదరాబాద్ సభ్యుడు)

వెనుక కొమ్ములు గోళ్ళయి వెలుగుచుండ
ముందు రేకులు గువ్వలై ముచ్చటాడ
కొండ తోటలో నీలంపు కుసుమ మలరె
గ్రద్ద గూటను పావురాల్ కలసి యాడె

విమర్శ: ధార హాయిగా ఉంది, యతులు కుదిరాయి. కాని పావురాలు ముందు లేవు, వెనుకనే ఉన్నాయి. తల వంచిన పూవును వెనుక నుంచి చూడండి. రేకుల వెనుకకు సాగి, తేనె నిండిన ఒక్కొక్క కొమ్మూ ఒక గువ్వ మెడ. పక్కనున్న రక్షకపత్రాలు దాని రెక్కలు. ఐదు గువ్వలు గిన్నె చుట్టూ చేరినట్టుంటుంది. అయితే ఈ పోలిక ఐరోపా కొలంబైన్‌కే బాగా నప్పుతుంది. దాని కొమ్ములు పొట్టివి, కొక్కెంలా వంగినవి. కొలరాడో పూవు తలెత్తి నిలుస్తుంది. దాని కొమ్ములు పొడవు. అడుగునున్న తేనెను పొడుగు తొండమున్న చిమ్మటలు వచ్చి తాగుతాయి. మా తోటలో రెండూ ఉన్నాయి కనుక మీ పద్యానికి చోటుంది.

సవరణ (అదే సభ్యుడు): ఫొటోలు తిరగేసి చూశాను. మీరన్నది నిజం.

తలను వంచిన పూవును దరిసి చూడ
ఐదు గువ్వలు మెడవంచి యందగించె
పేరు గ్రద్దదే యైనను ప్రేమ మీర
గ్రద్ద గూటను పావురాల్ కలసి యాడె

విమర్శ: మూడో పాదంతో సమస్య విడిపోయింది. చాలా సంతోషం.

పూరణ 2 (డెన్వర్ సభ్యురాలు)

మంచు దుప్పటి లోపల మాసమాగి
వెలుగు సోకగ విత్తులు వేరుదన్ని
మరుసటేటను గువ్వలై మలను విరిసె
గ్రద్ద గూటను పావురాల్ కలసి యాడె

విమర్శ: గ్రద్ద గూడంటే కొండకొమ్ము అన్న ఊహ నాకు తట్టనే లేదు. "వెలుగు సోకగ" అన్నది తోటమాలి మాట: ఈ గింజను మట్టిలో లోతుగా పూడ్చితే మొలవదు, పైపైన చల్లాలి. రెండో ఏట పూయడమూ నిజమే. "మాసమాగి" ఒక్కటే ఒప్పుకోలేను. మొలవడానికి గింజకు కావలసిన చలికి ఫ్రిజ్‌లో నెల చాలు గాని, కొండ మీద మంచు నెలల తరబడి ఉంటుంది. "మాగి మాగి" అంటే?

సభ్యురాలు: నేను గింజలను ఫ్రిజ్‌లోనే పెట్టాను, అందుకే ఆ నెల పద్యంలోకి వచ్చింది. "మాగి మాగి" అనే ఉంచుతాను. "వేరుదన్ని" మాత్రం మార్చమనకండి. నిరుడు ఎదిగిన మొక్కలకు చోటు మార్చబోయి తల్లివేరు తెంపాను. ఒక్కటీ బతకలేదు.