విశాఖ ఫిషింగ్ హార్బర్ ఒంటరి బాటసారి తిరగదగిన చోటేనా?

తీరిక నడక:
విశాఖ వెళ్తున్నామంటే చాలు, ఎవరిని అడిగినా ఒకే జాబితా అప్పజెబుతారు. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, మర్నాడు పొద్దున్నే అరకు. ఈసారి నేను ఒక్కడినే వెళ్లి అవన్నీ పక్కన పెట్టాను. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్ చేరి మధ్యాహ్నం దాకా అక్కడే తిరిగాను. రేవు వల్ల పెరిగిన ఊరిని రేవులో కాకపోతే ఇంకెక్కడ చూస్తాం? ఈ మాట అంటే విశాఖ మిత్రుడొకరు కోపగించుకున్నారు. అది జనం కష్టపడి బతికే చోటు, మీ కాలక్షేపానికి కాదన్నారు. ఆ వాదన నాకు సరైనదనిపించలేదు. మీరేమంటారు?

రేవు ఇంటివాడు:
మీ మిత్రుడు చెప్పిందే సరైన మాట. మాది పడవ ఉన్న ఇల్లు కాబట్టి వివరంగా చెబుతాను. మరపడవ వేటకు వెళ్తే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటుంది. డీజిలు, ఐసు, తిండి సరుకులు, అన్నిటికీ ముందే డబ్బు పెట్టాలి. తిరిగి వచ్చిన పొద్దున జరిగే వేలంపాటలోనే అదంతా రాబట్టుకోవాలి. రొయ్యలు, కోనాలు, చందువాలు వేటికవే కుప్పలు పోస్తారు. పాటగాడు ధర పిలుస్తుంటే చుట్టూ గొంతుక్కూర్చున్న ఆడవాళ్లు చిన్నగా తల ఊపి పాట పెంచుతారు. ఒక్కో కుప్ప నిమిషాల్లో తేలిపోవాలి. ఎండ ఎక్కేకొద్దీ చేప మెత్తబడుతుంది, ధర జారిపోతుంది. ఆ ఇరుకులో ఎవరో ఫోను పట్టుకుని అడ్డం నిలబడితే తట్టలు మోసేవాళ్లు చుట్టూ తిరిగి పోవాలి. నేలంతా చేప నీళ్లు, కాలు జారితే నడుం విరుగుతుంది. ఇక అడగకుండా ముఖం మీద కెమెరా పెట్టేవాళ్ల సంగతి. మా అమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని పాట పాడిన రోజులున్నాయి.

కొండవాలు:
రేవు చూడాలంటే రేవులోనే దిగాలా? పాతపట్నం వచ్చి రాస్ హిల్ ఎక్కండి. దాని మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి దగ్గర నిలబడితే ఓడలు వచ్చే కాలువ, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడతాయి. టగ్గులు, అంటే ఓడలను లాగే చిన్న పడవలు, వెంట ఉండి పెద్ద ఓడను అంగుళం అంగుళం లోపలికి తెస్తుంటే చూడడాన్ని మించిన కాలక్షేపం ఈ ఊళ్లో లేదని నా నమ్మకం. 1933లో తెరిచిన ఈ రేవును చిత్తడి నేల తవ్వి కట్టారు. ముఖద్వారంలో ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుగా నిలిపారు. అది తెలిసి చూస్తే ఆ కాలువ మరోలా కనబడుతుంది. దిగి వచ్చాక కురుపాం మార్కెట్ సందుల్లో ఎంతసేపు తిరిగినా ఎవరికీ అడ్డం కారు. ఒక్క హెచ్చరిక, తూర్పు నౌకాదళం ఉన్న ఊరు ఇది, ఆ స్థావరాల వైపు కెమెరా తిప్పకండి.

తీరిక నడక:
కొండ మీద నుంచి ఓడలు కనబడతాయి, మనుషులు కనబడరు. నా అభ్యంతరం అక్కడే. 2023 నవంబరులో ఒక రాత్రి ఇదే హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా పడవలు కాలిపోయాయి. టీవీలో ఆ మంటలు చూసినవాళ్లలో, ఒక్క పడవ పోతే ఎన్ని ఇళ్లలో కూడు పోతుందో ఎంతమందికి తెలుసు? ఆ పొద్దున నేను వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి, చిరిగిన కన్ను చుట్టూ ముడి మీద ముడి వేస్తున్నారు. చెయ్యి ఆపకుండానే వాటాల లెక్క చెప్పారు. ముందు ఖర్చులు తీసేస్తారు, మిగిలింది యజమానికీ, పడవలో పనిచేసే కళాసీలకూ పంపకం. వేట పడకపోతే పంచుకోవడానికి ఏమీ ఉండదు. ఇది ఏ కొండ ఎక్కితే తెలుస్తుంది? 2001లో విధుల నుంచి తప్పుకున్న కుర్సురా జలాంతర్గామిలోకి టికెట్ కొని దూరి, నావికులు ఎలా బతికారో శ్రద్ధగా చూస్తామే, ఇప్పుడు బతుకుతున్నవాళ్ల దగ్గరికి వెళ్తే తప్పెలా అవుతుంది?

రేవు ఇంటివాడు:
ఆ పోలికతో మీరు నా వాదననే బలపరిచారు. కుర్సురాలో ఇప్పుడు ఎవరి పనీ నడవడం లేదు. చూడడానికే దాన్ని ఒడ్డుకు చేర్చి పెట్టారు.

గవ్వల దారి:
ఒక్కరు వెళ్లడం, గుంపుగా వెళ్లడం ఒకటి కాదు. ఈ తేడా ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఒక టూర్ సంస్థ వాళ్లు వ్యానులో జనాన్ని దించినప్పుడు వేలం నిలిచిపోవడం నేను కళ్లారా చూశాను. అది అన్యాయమే. నేనూ ఒంటరిగా తిరిగే మనిషినే. కానాగంత చేపల ధర అడిగి, బేరమాడి, కొన్నాను. ఎండుచేపలు అమ్మే ఆవిడ పీట ఇటు జరిపి "ఒక్కదానివే వచ్చావా అమ్మా?" అంది. అక్కడి నుంచి తన కూతురి కాన్పు దాకా అన్నీ చెప్పింది. నాకు కాలక్షేపమైంది, ఆమెకు అమ్మకమైంది. ఇందులో ఎవరికి నష్టమో రేవు ఇంటివాడు గారు చెప్పాలి.

రేవు ఇంటివాడు:
కొనేవాళ్లను ఎవరూ కాదనరమ్మా. చూడడానికే వచ్చేవాళ్లకు నా సలహా వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ రేవులోనే ఉంటాయి. ఇంజన్లు విప్పుతారు, రంగులు వేస్తారు, వలలు సరిచేసుకుంటారు. చేతిలో డబ్బు ఆడని కాలమే కానీ, కూర్చుని మాట్లాడే తీరిక అప్పుడే దొరుకుతుంది. అప్పుడు రండి, టీ నేను ఇప్పిస్తాను.

తీరిక నడక:
తప్పకుండా వస్తాను. కానీ నిషేధంలో వేలం ఉండదు కదండీ. నేను చూడాలన్నది వేలమే. ఫోను జేబులో పెట్టుకుని ఓ పక్కన నిలబడతాను. అంతమాత్రం చోటు కూడా లేదంటారా?

రేవు ఇంటివాడు:
ఐసు పొడిచేసే మిషను పక్కన గోడ ఉంది. అక్కడ నిలబడితే ఎవరికీ అడ్డం రారు. కుప్పల మధ్యకు వస్తే మాత్రం నేనే బయటికి పంపిస్తాను.