బ్రయాన్ ఫుల్లర్ సీరియళ్లలో ఏది మళ్ళీ రావాలి?

బురుజు కింద, కర్నూలు:
మన సీమలో అమెరికా టీవీ రచయిత ఫుల్లర్‌కు అభిమానులు ఎందరున్నారో గానీ, ఉన్నవాళ్లందరిదీ ఒకటే ఏడుపు. మనం అలవాటు పడేలోపే ఆయన సీరియల్ ఆగిపోతుంది. డెడ్ లైక్ మి రెండు సీజన్లు, పుషింగ్ డైసీస్ రెండు, హానిబల్ మూడు. వండర్‌ఫాల్స్‌కైతే 13 ఎపిసోడ్లు తీసి పెట్టుకుంటే ఫాక్స్ ఛానల్ 2004లో నాలుగు వేసి తలుపు మూసేసింది. వీటిలో ఒక్కదానికే మళ్ళీ ప్రాణం పోయగలిగితే దేనికి పోస్తారు?

పాలకొండ గాలి, కడప:
పుషింగ్ డైసీస్. ఇందులో ఆలోచించడానికేముంది? పై అనే తీపి వంటకం అమ్మే దుకాణం నడిపే నెడ్ ముట్టుకుంటే చచ్చినవాళ్లు లేచి కూర్చుంటారు. రెండోసారి ముట్టుకుంటే ఇక లేవరు. లేచినవాళ్లు నిమిషం దాటి బతికితే దగ్గర్లో ఇంకెవరో పోతారు. చిన్ననాటి నేస్తం చక్‌ను లేపి, ఉంచేసుకున్నాడు కాబట్టి జన్మలో ఆమెను తాకకూడదు. మొదటి ఎపిసోడ్ చివర ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, అవతలివాళ్ల చేయి అనుకుంటూ ఎవరి చేతిని వాళ్లే పట్టుకుంటారు. ప్రేమకథలంటే మొహం మొత్తిన నన్ను కూర్చోబెట్టింది ఆ ఒక్క షాటే.

గుత్తికోట, అనంతపురం:
దాని గొంతు నొక్కింది హాలీవుడ్ రచయితల సమ్మె. 2007 నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగింది. మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లకే ఆగింది, మళ్ళీ తెర మీదికి వచ్చేసరికి 2008 అక్టోబరు. అన్ని నెలలు కనబడనివాళ్లను చుట్టాలే మరిచిపోతారు, ప్రేక్షకులెంత! ఏబీసీ ఛానల్ రెండో సీజన్ నడుస్తుండగానే ఇక చాలనేసింది. మిగిలిపోయిన మూడు ఎపిసోడ్లను 2009 వేసవిలో శనివారం రాత్రుల్లో వేసి చేతులు దులుపుకుంది. ఆ సెప్టెంబరులోనే అందులో నటించిన క్రిస్టిన్ చెనోవెత్‌కు ఇదే సీరియల్‌కు ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. తనకిప్పుడు పని లేదని ఆవిడ వేదిక మీదే నవ్వుతూ చెప్పుకుంది.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
మా అమ్మకు ఇదంతా చెబితే నమ్మలేదు. కథ మధ్యలో వదిలేస్తే జనం ఊరుకుంటారా అంది. మన దగ్గర గురువారం రేటింగు బాగుంటే హీరోయిన్ మారినా, కథ మారినా బండి ఆగదు. బాగోలేకపోతే ఒక్క వారంలో విలన్‌కు బుద్ధి వచ్చి, పెళ్లి జరిగి, శుభం కార్డు పడుతుంది. అంత హడావిడి ముగింపు నాకు నచ్చదు గానీ, అసలు లేనిదానికంటే నయమే కదా.

పాలకొండ గాలి, కడప:
డైసీస్‌కూ ఆ కార్డు పడింది గట్టు గారూ. ఆపేస్తున్నారని తెలిశాక చివరి నిమిషాలను మార్చి, చక్‌ను పిన్నుల గుమ్మం ముందు నిలబెట్టారు. చచ్చిపోయిందనుకున్న పిల్ల బతికే ఉందని వాళ్లకు తెలుస్తుంది. అక్కడితో సరి. తరువాత ఆ ఇంట్లో ఏమైందన్నదే నాకు కావలసిన మూడో సీజన్.

చింతచిగురు, అనంతపురం:
నా ఓటు మనుషుల్ని వండి తినే డాక్టర్ కథ హానిబల్‌కు. 39 ఎపిసోడ్లు, ఒక్కటీ తీసేయడానికి లేదు. ఆ భోజనాల బల్ల చూశాక కొన్నాళ్లు మాంసం జోలికి పోలేదు, ఉగ్గాని బజ్జీతో కాలక్షేపం చేశాను. అంత తక్కువ రేటింగుతో మూడేళ్లు నిలబడిందంటే తీసినది గోమాంట్ సంస్థ కాబట్టే. ఎన్‌బీసీ ఛానల్‌కు చవకగా దొరికింది. 2015లో అదీ వద్దనుకున్నారు.

గుత్తికోట, అనంతపురం:
చిగురు గారూ, దాన్ని ముట్టుకోకండి. కొండ అంచు నుంచి హానిబల్, అతణ్ణి వెంటాడే విల్ ఇద్దరూ వాటేసుకుని సముద్రంలోకి పడిపోయాక ఇంకేం మిగిలింది? పైగా హానిబల్ నవలల్లోని ఎఫ్‌బీఐ అమ్మాయి క్లారిస్ పాత్ర హక్కులు ఎంజీఎం స్టూడియో దగ్గర ఉన్నాయి. ఆ అమ్మాయి లేకుండానే మూడు సీజన్లు లాక్కొచ్చారు. నాలుగోది తీస్తే ఆమె కావాలి, ఆమె కావాలంటే అవతలివాళ్లు ఒప్పుకోవాలి.

చింతచిగురు, అనంతపురం:
హక్కుల సంగతి లాయర్లు చూసుకుంటారు. హానిబల్ వేషం వేసిన మాడ్స్ మికెల్సన్, ఫుల్లర్ విడిపోలేదు కదా! ఫుల్లర్ మొదటిసారి దర్శకత్వం చేసిన 2025 నాటి డస్ట్ బన్నీ సినిమాలో మికెల్సనే నటించాడు. నాకు ఆ ధైర్యం చాలు.

బురుజు కింద, కర్నూలు:
ఫుల్లర్ ఉంటేనే అన్నది మాత్రం గట్టిగా పట్టుకోవాలి. డెడ్ లైక్ మి ఆగిపోయిన ఐదేళ్లకు, 2009లో, దానికి సినిమా తీసి నేరుగా డిస్కు మీద వదిలారు. అందులో ఫుల్లర్ లేడు (ఆయన మొదటి సీజన్ తొలిరోజుల్లోనే బయటికి వెళ్లిపోయాడు). పెద్ద దిక్కుగా ఉండే మాండీ పటింకిన్ లేడు. అందులోని డైసీ అనే పాత్రకు వేరే నటి. పేరు అదే, మనుషులు వేరు. అభిమానులు అడిగారని తెచ్చి అభిమానుల చేతే ఛీ అనిపించుకోవడం అంటే అదే.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
మరి ఆయన ఉంటాడన్న పూచీ ఎవరిస్తారు అన్నా? ఆయన మొదలుపెట్టిన స్టార్ ట్రెక్ డిస్కవరీ ఐదు సీజన్లు నడిచింది. ఆయన మాత్రం మొదటి ఎపిసోడ్ ప్రసారం కాకముందే తప్పుకున్నాడు. అమెరికన్ గాడ్స్‌లో మొదటి సీజన్‌తోనే సరి. ఛానళ్లనే తిడుతున్నాం గానీ, ఆయన ఊహకు అయ్యే ఖర్చు కూడా చూడాలి. డైసీస్‌లో గోడలు, గౌన్లు, చెట్లు దేనికి దానికి రంగులు అద్ది తీశారు. ఆ డబ్బు ఎవరు పెడతారు?

పాలకొండ గాలి, కడప:
పెట్టేవాళ్లు పెడతారు. ట్విన్ పీక్స్ సీరియల్ 1991లో ఆగితే 2017లో 18 ఎపిసోడ్లతో తిరిగి రాలేదా? నెడ్‌కు కాస్త జుట్టు నెరిసినా నాకు అభ్యంతరం లేదు. ముట్టుకోకుండా ఇన్నేళ్లు కాపురం ఎలా చేశారన్నది ఇంకా మంచి కథ.

గుత్తికోట, అనంతపురం:
వండర్‌ఫాల్స్‌ను ఎవరూ తలవడం లేదేం? నయాగరా దగ్గర బొమ్మల దుకాణంలో పనిచేసే పిల్లతో మైనపు సింహం మాట్లాడుతుంది. అందులోని కరోలిన్ దావెర్నాసే తరువాత హానిబల్‌లో అలానా పాత్ర వేసింది. అన్ని ఎపిసోడ్లూ ఉన్న డిస్కులు నా దగ్గర ఉన్నాయి. కడప, కర్నూలు వాళ్లు ఎవరైనా అనంతపురం వస్తే ఇస్తాను. పోయినసారి తీసుకున్నాయన ఇంకా రెండో డిస్కు తిరిగివ్వలేదు, ముందు అది రానివ్వండి.