నేతలో మా మామకు మునుపటి ఆసక్తి లేదు, కారణం ఎలా అడగాలి?

పోచంపల్లి దగ్గర మాది ఆరు మగ్గాల చిన్న పని. చిటికి కట్టడంలో (డిజైను ప్రకారం పోగులను కట్టి రంగు అద్దడం), నేతలో అందరికంటే చేయి తిరిగిన మనిషి ఒకరున్నారు, వయసు 52. వరసకు కాకపోయినా మామా అనే పిలుస్తాను. ఏడు పట్టు చీరల పడుగు 40 రోజుల్లో దించేవారు. ఫిబ్రవరి నుంచి 65 రోజులు పడుతోంది, పేకలో (అడ్డపోగుల్లో) చిటికి డిజైను కూడా పక్కకు జరిగిపోతోంది.

చీరకు 500 కూలి పెంచాను. కళ్లు చూపించి అద్దాలు మార్పించాను. మగ్గం గుంట దగ్గర లైటు పెట్టించాను. ఏదీ పనిచేయలేదు. రెండుసార్లు అడిగితే "ఏం లేదు బిడ్డా" అన్నారు, రెండుసార్లూ కూలి లెక్క చూసే శనివారమే అడిగాను, అది తప్పేమో.

ఒకటి గమనించాను. జనవరి వరకు డిజైను ఆయనే గ్రాఫు కాగితం మీద గీసేవారు. తర్వాత కంప్యూటరులో గీయించినవే ఇస్తున్నాం. కారణం అదేనని ఖాయంగా చెప్పలేను. ఆయన పని పోతుందన్న భయం కలగకుండా, అసలు సంగతి తెలుసుకోవాలి.

మీ దగ్గర పనిచేసే పెద్దవాళ్లతో ఇలాంటి మాట ఎప్పుడు, ఏ ప్రశ్నతో మొదలుపెడితే వాళ్లు మనసు విప్పి చెప్పారు?