డిసెంబర్ కార్యక్రమం: చివరి పాట, స్టేజి పనులు

కాయిర్ (పాటలు నేర్పే అక్క, ప్రస్తుతం ఒంగోల్లో): మెల్‌బోర్న్‌లో ఉన్న మన నెల్లూరు, ప్రకాశం వాళ్ళందరికీ నమస్కారం. సెలవు మీద ఇంటికొచ్చినా పని ఆగకూడదని ఇక్కణ్ణుంచే రాస్తున్నా. ఈసారి చివరి పాట అమెరికా స్వరకర్త మోర్టెన్ లారిడ్సన్ కట్టిన 'ఓ మాగ్నుమ్ మిస్టీరియమ్'. 1994 డిసెంబర్ 18న లాస్ ఏంజెలెస్ మాస్టర్ కొరాల్ అనే గాయక బృందం మొదటిసారి పాడింది. ఆరు నిమిషాలు పైచిలుకు. స్వరం కొత్తది గానీ మాటలు పాతవే, క్రిస్మస్ రాత్రి ఆరాధనలో పాడే లాటిన్ ప్రార్థన. తొట్టిలో పడుకున్న ప్రభువును పశువులు చూశాయి, ఎంత గొప్ప మర్మమో అంటుంది.

గూడూరు తమ్ముడు (సౌండ్): అక్కా, కీబోర్డు, తబలా ట్రాక్ రెడీ చేసేస్తా.

కాయిర్: రెండూ వద్దు తమ్ముడూ, ఇది వాయిద్యాల్లేని పాట. అసలు కిటుకంతా ఆల్టోల (కింది స్థాయిలో పాడే ఆడవాళ్ళ) దగ్గరుంది. పాట డి మేజర్‌లో నడుస్తుంది, మన లెక్కలో రెండు శ్రుతి. 'విర్గో' అని కన్యమరియ మాట వచ్చినచోట ఆల్టోలు జీ షార్ప్ పట్టాలి, అంటే ప్రతి మధ్యమం. పాట మొత్తంలో డి మేజర్‌కు బయటి స్వరం అదొక్కటే, కావాలనే పెట్టానని లారిడ్సనే రాశాడు. భయంభయంగా పాడితే అపశ్రుతి అనుకుంటారు. ధైర్యంగా పాడితేనే గుండెకు తగులుతుంది. కింద కీబోర్డు మోగుతుంటే అదంతా గంగపాలే.

కావలి వదిన (ఆల్టో): ఏందమ్మాయ్, భారమంతా మా నెత్తినే పెట్టావు! లాటిన్ ఎట్టా పలకాలి? నోట్స్ పెడితే జిరాక్స్ తీసుకుంటాం.

కాయిర్: మాటలు తెలుగు లిపిలో రాసి వాయిస్ నోట్ పెడతా వదినా. జిరాక్స్ మాత్రం కుదరదు, కాపీరైట్ ఉంది. పాడేవాళ్ళ లెక్కన కాపీలు కొనాలి. ట్రెజరర్ గారూ, కాదనకండి. కావాలంటే బెలూన్లు మానేద్దాం. స్టేజి వెనక నల్ల తెర చాలు. ఈ పాటకి ప్రేరణ అని లారిడ్సన్ చెప్పిన, స్పెయిన్ చిత్రకారుడు జుర్బరాన్ వేసిన బొమ్మలో కూడా నిమ్మకాయలు, నారింజలు, గులాబీ, వెనక అంతా నలుపే.

ట్రెజరర్: బెలూన్లు మానితే సరే. రేటు కనుక్కుని చెప్పమ్మా.

గూడూరు తమ్ముడు: నిమ్మకాయలంటే మా ఊరి తర్వాతే ఎవరైనా!

కొండపి బాబాయ్ (స్టేజి): పశువుల పాటంటున్నారు గనక, పిల్లలు కట్టే పాకలో ఈసారి ఒంగోలు గిత్త ఉండాల్సిందే. పోయినేడు గొర్రెలు, ఒంటెలే. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు స్పష్టంగా కనపడాలి.

నెల్లూరు అన్న (భోజనాలు): బ్రెజిల్‌లో ఆ జాతిని నెలోరె అంటారు బాబాయ్, మా ఊరి పేరే. ఒంగోలు అని బోర్డు పెడితే మీకు చేపల పులుసు లేదు.

కాయిర్: బోర్డే వద్దు. కొలతలు పంపండి బాబాయ్, కర్నూలు రోడ్డులో ఫ్లెక్స్ కొట్టించి చుట్టి లగేజీలో తెస్తా. చట్రం మీరు చేయించండి. అన్నా, పాట అయ్యేదాకా గిన్నెల మూతలు తీయొద్దు, హాల్లో గరిటె చప్పుడు కూడా వినపడుతుంది. ఆల్టోలకు శనివారం సాయంత్రం విడిగా జూమ్ ప్రాక్టీసు. టెనార్లు (పై స్థాయిలో పాడే మగవాళ్ళు) చాలరు, ఆ భాగం రెండుగా చీలే చోట్లున్నాయి. ఇంట్లో బావలు, మరుదులు ఎవరున్నా పట్టుకురండి.

గూడూరు తమ్ముడు: తబలా లేకపోయాక నాకేం పని అక్కా, టెనార్‌లో నన్ను వేసుకో.