షాఖ్ట్‌ను నిర్దోషి అనగలమా?

చరిత్ర విద్యార్థి:
1923లో జర్మనీని ద్రవ్యోల్బణం నుంచి గట్టెక్కించిన వారిలో హ్యాల్మర్ షాఖ్ట్ ఒకరు. హిట్లర్ కింద జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన రైష్‌బ్యాంక్ అధ్యక్షుడిగా పనిచేసిన ఆయన్ను, యుద్ధం తరువాత నాజీ నేతలను విచారించిన నురెంబర్గ్ న్యాయస్థానం 1946లో నిర్దోషిగా విడిచిపెట్టింది. సోవియట్ న్యాయమూర్తి ఒక్కరే ఒప్పుకోలేదు. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఆయుధాలు సమకూర్చడం దానంతటదే నేరం కాదు, అవి దండయాత్రలకేనని ఆయనకు తెలుసునన్నది రుజువు కాలేదు. 1944లో హిట్లర్‌పై హత్యాయత్నం తరువాత ఆయన్ను కూడా నిర్బంధించారు కదా!

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
1923 గురించి నాకు పేచీ లేదు. చీపుర్లు పెట్టుకునే చీకటి గదే అప్పట్లో ఆయన కార్యాలయం. నేల తుడిచే గుడ్డల వాసన మధ్య, పొగ తాగుతూ, ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ కూర్చునేవారని ఆయన కార్యదర్శి చెప్పారు. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక్క కొత్త రెంటెన్ మార్కు! ఆలోచన వేరేవారిదే అయినా, జంకకుండా నిలబెట్టినవాడు ఆయనే.

నా అభ్యంతరమంతా మెఫో హుండీల దగ్గరే. హుండీ అంటే ఫలానా తేదీకి సొమ్ము చెల్లిస్తామని రాసే వాణిజ్య పత్రం; మెఫో అంటే ఆయుధాల ఖర్చు కోసం పెట్టిన పేరుకే కంపెనీ. చాలా ఏళ్లు హుండీలు చూసినవాణ్ని, అందుకే చెబుతున్నాను. హుండీని అంగీకరించిన సంస్థకు స్తోమత ఉందా అన్నదే ఏ బ్యాంకయినా ముందు చూస్తుంది. మెఫో మూలధనం 10 లక్షల మార్కులు. దాని పేరిట పుట్టిన హుండీలు సుమారు 1,200 కోట్ల మార్కులు! దానికి ఫ్యాక్టరీ లేదు, సరుకు లేదు. ఆయుధ కంపెనీలు హుండీ రాస్తాయి, మెఫో సంతకం పెడుతుంది, రైష్‌బ్యాంక్ సొమ్ము చేసి పెడుతుంది. ప్రభుత్వ పద్దులో మాత్రం ఆ ఖర్చు కనబడదు. దాచడం కోసమే కట్టిన ఏర్పాటు ఇది. ఏం దాస్తున్నాడో కట్టినవాడికి తెలియదంటే నేను నమ్మను.

చరిత్ర విద్యార్థి:
మరి 1937లో ఆర్థిక మంత్రి పదవి వదులుకున్నారు. 1939 జనవరిలో ఖర్చు తగ్గించమని హిట్లర్‌కే రాసి రైష్‌బ్యాంక్ పదవి పోగొట్టుకున్నారు. అది ధైర్యం కాదా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
ధైర్యమే. కానీ ఆ లేఖలో దిగులంతా మార్కు విలువ గురించే, పొరుగు దేశాల గురించి కాదు. 1938 మార్చిలో ఆస్ట్రియాను కలిపేసుకున్నాక వియన్నా వెళ్లి, అక్కడి నేషనల్ బ్యాంకు ఉద్యోగులతో చేతులెత్తించి హిట్లర్‌కు విధేయులమని ప్రమాణం చేయించినదీ ఈయనే. బ్యాంకు పదవి పోయాక కూడా 1943 జనవరి దాకా శాఖ లేని మంత్రిగానే కొనసాగారు. పోలండ్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ మీద దాడులన్నీ ఆ మధ్యనే జరిగాయి. ఆ నాలుగేళ్ల సంగతి మీరేమంటారు?