తర్బూర్, శరీక్, దాయాది: మూడూ ఒకే గట్టు మీది మాటలా?

ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ వచ్చిందంటే మన పేపర్లలో ‘దాయాదుల పోరు’ అని శీర్షిక ఖాయం. తమాషా ఏమిటంటే, అవతలి వైపు పష్తూన్లకూ (పఠాన్లకూ) పంజాబీలకూ కూడా ఇలాంటి మాటలే ఉన్నాయి.

పష్తూన్ల భాష పష్తోలో తర్బూర్ అంటే బాబాయి కొడుకు, లేదా పెదనాన్న కొడుకు. పోటీదారు, పగవాడు అని కూడా అదే మాటకు అర్థం. ఆ వైరాన్ని తర్బూర్‌వలీ అంటారు. మేనమామ కొడుకు తర్బూర్ కాడు, ఎందుకంటే తాత భూమిలో అతనికి వాటా లేదు. మనకూ అంతే కదా, మేనబావ పరాచికాలాడే చుట్టం, దాయాది కోర్టుకెక్కించే చుట్టం.

పాకిస్తాన్ వాయవ్యాన ఉన్న స్వాత్ లోయ సంగతి చూడండి. 16వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన యూసఫ్‌జాయి తెగ పష్తూన్లు భూమిని శాశ్వతంగా పంచుకోలేదు. కొన్నేళ్లకోసారి చీట్లు వేసి వంశాల మధ్య పొలాలు మార్చుకునేవారు. ఈ పద్ధతి పేరు వేష్. ఏర్పరచింది షేక్ మలీ అని చెప్తారు. ఒక్కొక్కరి వాటాను దఫ్తర్ అనేవారు. మన దగ్గర దఫ్తరు అంటే కాగితాల కట్ట, లేదంటే ఆఫీసు. అక్కడ మాత్రం అది మనిషి పరువు. దఫ్తర్ పోగొట్టుకున్నవాడికి జిర్గాలో (పెద్దల సభలో) నోరు లేదు, పష్తూన్‌గా లెక్క కూడా లేదు. 1920ల్లో స్వాత్ పాలకుడు మియాన్‌గుల్ అబ్దుల్ వదూద్ ఈ మార్పిళ్లు ఆపించి, ఎవరి పొలం వారికి స్థిరం చేశాడు.

1954లో అక్కడ ఉండి చూసిన నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ గమనించింది ఇదే. పక్కపక్క పొలాలున్న దగ్గరి దాయాదులు ఎదురెదురు ముఠాల్లో ఉంటారు. ఎక్కడో దూరాన ఉన్న ఖాన్‌తో (పెద్ద భూస్వామితో) మాత్రం పొత్తు కుదురుతుంది.

*ఒక సభ్యుడు:* పష్తూన్లకూ పంజాబీలకూ మధ్యే పగ అని మేం చదువుకున్నాం. మీరేమో ఇంట్లో తగవులు చెప్తున్నారు.

*పోస్టు పెట్టినవారు:* రెండూ ఉన్నాయి. కానీ బయటివాడికి తలుపు తెరిచింది చాలాసార్లు ఇంటి తగవే. కాబూల్ ఏలిన జమాన్ షా కళ్లు పొడిపించింది సవతి సోదరుడు మహ్మూద్. అది 1801 నాటి మాట. అదే సదోజాయి రాజవంశంలోని మరో సోదరుడు షా షుజా లాహోర్‌లో ఆశ్రయం పొంది, 1813లో కోహినూరును పంజాబ్ ఏలిన రంజిత్ సింగ్ చేతిలో పెట్టాల్సి వచ్చింది (మన కృష్ణా తీరం వజ్రమే, ఎన్ని అన్నదమ్ముల గొడవలు చూసిందో!). ఆ తర్వాత కాబూల్ గద్దెనెక్కిన బరక్‌జాయి వంశం వంతు. 1835లో దోస్త్ మహ్మద్ పెషావర్ మీదికి దండెత్తి వస్తే, సవతి సోదరుడు సుల్తాన్ మహ్మద్ ఖాన్ రంజిత్ సింగ్ వైపు వెళ్లిపోయాడు. యుద్ధం జరక్కుండానే దోస్త్ మహ్మద్ వెనుదిరిగాడు.

పంజాబీలో మాట శరీక్. అరబీ మూలం, వాటాదారు అని అర్థం. పాత పంజాబ్ గ్రామాల ఆచారం ప్రకారం కొడుకుల్లేనివాడి భూమి శరీకులకు చేరేది. బయటివాళ్లకు అమ్మబోతే అడ్డుపడే హక్కూ వాళ్లదే. షాపూర్ జిల్లాలోని టివానాలు, నూన్‌ల గొడవ కూడా అలాంటిదే. ఖిజర్ హయాత్ టివానా 1942 నుంచి 1947 మార్చి దాకా పంజాబ్ ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉంటే, బంధువే అయిన ఫిరోజ్ ఖాన్ నూన్ ముస్లిం లీగ్‌లో చేరి ఎదురు నిలిచాడు.

*మరొకరు:* అక్కడ చిన్న తప్పు. టివానాలు, నూన్‌లు వేర్వేరు వంశాలు. వాళ్లది వియ్యపు చుట్టరికం. వియ్యంకుడు శరీక్ కాడు.

*పోస్టు పెట్టినవారు:* నిజమే, ఒప్పుకుంటున్నా. అది రాజకీయం, భూమి తగవు కాదు. ఆ ఉదాహరణ తీసేయండి.

*కరీంనగర్ నుంచి ఒకరు:* మా వైపు ‘పాలోళ్లు’ అంటరు. పాలు అంటే వాటా. శరీక్‌కు ఇంతకన్నా సరైన తెలుగు ఉండదు. పాత కావ్యాల్లో ‘దాయ’కు శత్రువనే అర్థం కూడా ఉంది.

*ఒక సంస్కృతం మాస్టారు:* పాణినిని మరిచిపోయారు. భ్రాతృవ్య అంటే అన్నదమ్ముల కొడుకు. స్వరం (పలికేటప్పుడు ఒత్తు) మారితే శత్రువు. ‘వ్యన్ సపత్నే’ అని దానికోసం ఒక సూత్రమే రాశాడు (4.1.145). ఆయన ఊరు శలాతురం, ఇప్పటి స్వాబీ జిల్లాలోని లాహూర్. ఈనాడది పష్తూన్ల నేల.

*పోస్టు పెట్టినవారు:* మాస్టారూ, ఒళ్లు పులకరించింది! అయితే యూసఫ్‌జాయిలు అక్కడికి చేరింది పాణిని తర్వాత రెండు వేల ఏళ్లకు, కాబట్టి ఆయన దగ్గర నేర్చుకున్నారని లాగలేం. పొలం ఎక్కడున్నా ఆ మాట అలాగే మొలుస్తుందేమో.

ఒక్క తేడా మాత్రం నాకు బాగా కనిపిస్తోంది. తర్బూర్ ఒక్క మాటలోనే చుట్టరికం, పగ రెండూ ఉన్నాయి. మనం ఆ మనిషికే రెండు పేర్లు పెట్టుకున్నాం. మా నాన్న తన పెదనాన్న కొడుకును చివరిదాకా ‘అన్నయ్యా’ అనే పిలిచారు. కోర్టు కాగితాల్లో ఆయన ఒకటో నంబరు ప్రతివాది.